గేటు దగ్గర నిలబడ్డది మా అమ్మ

నిన్న పొద్దున ఒక పెద్దమనిషి మా ఇంటికి వచ్చారు. కాఫీ తాగారు. ముందుగదిలో బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగి శభాష్ అన్నారు. ఆ తర్వాత మా అమ్మను చూపుడువేలితో చూపించి, "ఈవిడను మాత్రం తీసేయాలి మేడం" అన్నారు.

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. బల్ల మీద ఉన్నది ఆమె బొమ్మ. రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. రాగి తీగకు పుట్టీ అద్ది, సూదిమొనతో ముక్కు తీర్చి, చీర కట్టి, చీర మీద నాయన ఖాకీ కోటు తొడిగాను. పక్కన రైలుగేటు, చేతిలో ఎర్రజెండా. జెండా కోసం నా పాత రవికె అంచు కత్తిరించాను. అలాంటి బొమ్మను తీసేయమనడానికి ఆ మనిషికి నోరెలా వచ్చిందో!

డ్రాయింగు టీచరుగా రిటైరైన తర్వాత రెండేళ్లు కూర్చుని కట్టిన స్టేషను అది. అసలుది బొగ్గు లైను మీద, అడవి అంచున ఉండేది. రెండో లైను కోసం పాత కట్టడాన్ని కూల్చేశారని తెలిసిన వారమే వడ్రంగిని పిలిచి బల్ల చేయించాను. అంతా అసలు కొలతలో ఎనభై ఏడో వంతు. పట్టాలు, బుల్లి ఇంజను హైదరాబాదు నుంచి తెప్పించాను. మిగతాదంతా నా చేతిపనే. అగరుబత్తి పుల్లలతో కంచె కట్టాను, గొడుగు ఊచతో సిగ్నల్ స్తంభం నిలబెట్టాను, అట్టపెట్టెలు కోసి పెంకులు చేశాను. పట్టాల మధ్య పోయడానికి రాతిపొడిని చాయ్ వడకట్టే జాలిలో జల్లించాను. ఆ జాలిని కడిగి మళ్లీ వంటింట్లో పెట్టినందుకు మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

వచ్చినాయన కూడా రైల్వేలో పెద్ద ఉద్యోగం చేసి దిగిపోయినవారే. కొత్త స్టేషన్ హాల్లో పాత వస్తువులతో ఒక అద్దాల అల్మారా పెడుతున్నారట. నా స్టేషన్ అందులో నడిమధ్య ఉండాలని ఆయన కోరిక. నాకంతకన్నా ఏం కావాలి? సంతోషంగా ఒప్పుకున్నాను. అప్పుడాయన సంచిలోంచి కాగితాలు తీశారు. ఒకటి ఆ గేటు రిజిస్టర్ పేజీకి నకలు. ఇంకొకటి మా నాయనకు వచ్చిన మెప్పుకాగితం నకలు.

"చూడండి మేడం, ఈ గేటు దగ్గర గేట్‌మన్ ప్రాణాలకు తెగించి ఇన్‌స్పెక్టర్ ట్రాలీని కాపాడాడు. బోర్డు కూడా రాయించాను. ఇక్కడ మగమనిషి ఉండాలి. మీకు మరీ బాధగా ఉంటే ఈవిడను పక్కన సద్దిమూటతో నిలబెట్టండి, గేట్‌మన్ భార్య అని."

"సద్ది మోసింది ఆమే, జెండా పట్టిందీ ఆమే" అన్నాను.

"రికార్డులో అలా లేదండీ."

"ఆ రికార్డు రాసింది నేను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు."

ఆయన నవ్వి, నకళ్లు బల్ల మీదే పెట్టి, ఆలోచించుకోమని చెప్పి, రేపు ఫోన్ చేస్తానని వెళ్లిపోయారు. రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు, కోపం వల్లే. ఇందులో ఆలోచించుకోవడానికి ఏముంది?

మా గేటు స్టేషన్‌కు మైలు దూరం, బల్ల మీద మాత్రం దగ్గరికి జరిపాను. అడవిలోంచి వచ్చే బండ్లబాట అక్కడ రైలు పట్టాలను దాటి ఊళ్లవైపు పోయేది. గేటు పక్కన రైలు టైములు రాసే చిన్న గుమ్టీ, దాని వెనక మా ఒంటిగది క్వార్టరు. ఎండాకాలం మధ్యాహ్నం కొయ్య స్లీపర్లకు పూసిన తారు కరిగి వాసన వేసేది. ఆ వాసనలో వాగు పక్క గూడెంవాళ్లు ఎండబెట్టిన ఇప్పపువ్వు తీపి వాసన కలిసేది. ఈ రెండూ కలిసిన గాలి ఇంకెక్కడా పీల్చలేదు. బజారులో దొరికే అన్ని రంగులూ తెచ్చి ఆ స్టేషన్‌కు పూశాను గానీ, ఆ వాసన తేవడం నా వల్ల కాలేదు.

పొయ్యిలోకి బొగ్గు తేవడం నా పని. పని అంటే, ఇంజను వస్తున్నప్పుడు గట్టు మీద నిలబడి, లోపల బొగ్గు వేసేవాళ్లను నాలుక బయటపెట్టి వెక్కిరించాలి. వాళ్లకు ఒళ్లు మండి బొగ్గుపెళ్లలు విసిరేవారు. ఎంత గట్టిగా వెక్కిరిస్తే అంత బొగ్గు. బండి పోయాక గంపలో ఏరుకుని ఇంటికి తెచ్చేదాన్ని. ఆ బొగ్గు మీద అమ్మ జొన్న గటక వండేది, చింతచిగురు పప్పు చేసేది. ఎక్కడిదే ఇంత బొగ్గు అని అడిగితే, వాళ్లే ఇచ్చారని చెప్పేదాన్ని. అది అబద్ధమేమీ కాదు.

ఆ ఏడు నాయనకు చలిజ్వరం పట్టుకుంది. రోజు విడిచి రోజు వచ్చేది. వచ్చిన రోజు ఇంట్లో ఉన్న గొంగళ్లన్నీ కప్పినా మంచం గడగడలాడేది. గూడెం నుంచి ఒక ముసలమ్మ నేలవేము ఆకు తెచ్చి కషాయం కాచి పోసేది. దవాఖానాకు పోతే జబ్బుపడ్డాడని సిక్కు రాయాలి. సిక్కు రాస్తే గేటుకు ఇంకో మనిషి వస్తాడు. నాయన ఇంకా పర్మినెంట్ కాలేదు, కాబట్టి వచ్చినవాడు ఇక పోడు. నౌకరీ పోతుంది, దానితోపాటు క్వార్టరూ పోతుంది. ఇదంతా నాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. అమ్మానాయనలు గుసగుసలాడుకుంటుంటే గోడవైపు తిరిగి పడుకుని విన్నాను.

"పండుకో నువ్వు. జెండా నేను పడతా" అంది అమ్మ.

"నీకేం తెలుసే జెండా ముచ్చట?"

"పదేండ్ల సంది చూస్తలేనా? పచ్చది చూపిస్తే పొమ్మని, ఎర్రది చూపిస్తే ఆగుమని. గింత దానికి ఏం సదువు కావాలె?"

అట్లా మొదలైంది. డ్రైవరుకు దూరం నుంచి ఖాకీ కనిపించాలని అంత ఎండలోనూ చీర మీద నాయన కోటు తొడుక్కునేది. చెమటకు వీపంతా పొక్కులు పోసింది. అయినా ఒక్క బండికి కూడా గేటు ఆలస్యం చేయలేదు. బండ్లు తోలుకొచ్చేవాళ్లు గేటక్కా అని పిలిచేవారు. గూడెంలో అందరికీ తెలుసు, పైకి మాత్రం ఎవరూ చెప్పలేదు.

అమ్మకు రాయడం రాదు. ఏ బండి ఎన్ని గంటలకు పోయిందో రిజిస్టర్‌లో రాయడం నా వంతు. బండి దాటగానే "పోయింది, రాయి పిల్లా" అని అరిచేది. నేను గుమ్టీలో గడియారం చూసి, నాయన రాతలాగే వంకర తిప్పి రాసేదాన్ని. తొమ్మిదేళ్ల పిల్లకు సర్కారు పుస్తకంలో రాసే అధికారం దొరికితే ఎట్లా ఉంటుంది? నా అంతటిది లేదన్నట్టు తిరిగేదాన్ని.

ఆ రోజు గూడెంలో విత్తనాల పండుగ. మగవాళ్లు వేటకు పోతారు. ఆడవాళ్లు బాటకు అడ్డంగా తాడు పట్టుకుని, రేల పాటలు పాడుతూ, వచ్చిపోయేవాళ్లను ఆపుతారు. ఎంతటివాడైనా సరే, పండుగ పైసలు చేతిలో పెట్టనిదే తాడు దించరు. ఏడాదంతా అందరికీ దారి ఇచ్చే ఆడవాళ్లు ఆ రోజు దారి కడతారు. నాకు అది చూడాలని, తాడు ఒక కొస పట్టుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. కానీ సాయంత్రం అయిదుంపావుకు ప్యాసింజరు ఉంది. అది పోయిందని రాస్తేగానీ గుమ్టీ విడిచి పోవడానికి లేదు.

ప్యాసింజరు రోజూ అయిదుంపావుకే వస్తోంది కదా! ఇవాళ మాత్రం ఎందుకు రాదు? మూడు గంటలకే రిజిస్టర్ తెరిచి, 5.15 అని రాసి, మూసి, వాగువైపు పరుగెత్తాను.

ఆ పొద్దున ట్రాక్ ఇన్‌స్పెక్టరు ఒకాయన ట్రాలీ మీద వచ్చాడు. నలుగురు మనుషులు నెడితే పట్టాల మీద పరుగెత్తే చెక్కబండి అది. నాయనకు అప్పటికి జ్వరం లేదు, కోటు తొడుక్కుని సలాం చేశాడు. ట్రాలీని గుమ్టీ పక్కన దింపించి, స్లీపర్ల కోసం కొట్టిన కలప చూడటానికి నలుగురినీ వెంటబెట్టుకుని ఇన్‌స్పెక్టరు అడవిలోకి పోయాడు. మధ్యాహ్నానికి నాయనకు మళ్లీ చలి మొదలైంది.

సాయంత్రం వాళ్లు తిరిగి వస్తుంటే వాగు దగ్గర ఆపింది మేమే. తాడు ఒక కొస నా చేతిలో ఉంది. ఇన్‌స్పెక్టరు విసుక్కుంటూనే చిల్లర తీసి ఇచ్చాడు. గేటు దగ్గర ఇంకా బండ్లు ఆగి ఉంటాయి, అక్కడ ఇంకా పైసలు వస్తాయని ఆడవాళ్లంతా వాళ్ల వెనకే పాడుకుంటూ బయల్దేరారు. నేనూ వాళ్లతో పోయాను. నోట్లో తునికి పండు, బుర్రలో ఏ దిగులూ లేదు.

గేటు మూసి ఉంది. రెండు ఎడ్లబండ్లు ఆగి ఉన్నాయి. కోటులో అమ్మ పచ్చజెండా పట్టుకుని నిలబడి ఉంది. మూసిన గేటుకు అర్థం నాకు తెలుసు. ప్యాసింజరు ఇంకా రాలేదు.

ఇన్‌స్పెక్టరు నేరుగా గుమ్టీలోకి పోయి రిజిస్టర్ చూశాడు. బయటికి వచ్చి, "ప్యాసింజరు ఎప్పుడో వెళ్లిపోయిందిగా! ట్రాలీ ఎక్కించండి" అన్నాడు. నలుగురూ ట్రాలీని ఎత్తి పట్టాల మీద పెట్టారు.

"బండి ఇంక రాలే దొరా" అంది అమ్మ.

అప్పుడు చూశాడు ఆమెను. "నువ్వెవరు? గేట్‌మన్ ఏడి?"

"జరంల పండిండు. బండి రాలే. ట్రాలీ దింపుండ్రి."

"పుస్తకంలో అయిదుంపావుకు పోయినట్టు రాసుందమ్మా!"

"పుస్తకంల ఏం రాసిందో నాకు తెల్వదు. మధ్యాన్నం సంది నేను ఈడనే ఉన్న. పోతే నా కండ్ల ముంగల పోవాలె గద!"

ఆగిన బండ్లవాళ్లు కూడా అదే చెప్పారు, రాలేదు సారూ అని. పండుగ పూట మీరంతా సారా తాగి ఉన్నారు, మీ మాట ఎవడు నమ్ముతాడు అన్నాడు ఆయన. తాగనిది పుస్తకం ఒక్కటే. ఆ పుస్తకంలో ఏముందో తెలిసినదాన్ని నేను ఒక్కదాన్నే. పది అడుగుల దూరంలో ఉన్నాను. ఒక్క మాట చెబితే చాలు. భయంతో ఆ మాటతో పాటు తునికి గింజ కూడా మింగేశాను. ఈ వయసులో కూడా ఆ క్షణం గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అమ్మ పచ్చజెండా చుట్టి చంకలో పెట్టుకుంది. గుమ్టీలోంచి ఎర్రజెండా తెచ్చి విప్పింది. పోయి ట్రాలీ ముందు, రెండు పట్టాల నడుమ నిలబడింది.

ట్రాలీమన్లు ముఖముఖాలు చూసుకున్నారు. తర్వాత నవ్వు మొదలైంది. పండుగ రోజు ఆడమనిషి దారికి అడ్డం నిలబడితే ఎవరైనా ఏమనుకుంటారు? వాళ్లలో ఒకడు జేబులోంచి చిల్లర తీసి అమ్మ కాళ్ల దగ్గర వేశాడు.

"తీస్కో అక్కా పండుగ పైసలు. జర తొవ్వ ఇడువు."

అమ్మ పైసలవైపు చూడలేదు. "నన్ను తొక్కి పోండ్రి" అంది.

అప్పుడు గూడెం ఆడవాళ్లు పాట ఆపారు. ముందు ముసలమ్మ కదిలింది, నాయనకు కషాయం పోసే మనిషే. తాడు పట్టుకుని పోయి అమ్మ పక్కన నిలబడింది. ఆమె వెనక మిగతావాళ్లు. పట్టాలకు అడ్డంగా తాడు సాగదీసి పట్టుకున్నారు. వాళ్లూ ఆట అనుకున్నారో, అమ్మ ముఖం చూసి సంగతి గ్రహించారో నాకు ఈనాటికీ తెలియదు. ఇన్‌స్పెక్టరు గొంతు చించుకుని అరుస్తున్నాడు. ఒక్కరూ కదల్లేదు.

గుట్ట మలుపు అవతల కూత వినిపించింది.

ఆ నలుగురూ ఎప్పుడు ట్రాలీని ఎత్తారో, ఎప్పుడు గట్టు కింద పడేశారో చూడలేకపోయాను. ఆడవాళ్లు తాడు లాక్కుంటూ చెరోవైపు పరుగెత్తారు. అందరూ దాటాక చివర వచ్చింది అమ్మ. లైను ఖాళీ అయిందని చూసుకుని, ఎర్రజెండా చుట్టి, పచ్చది చాపి పట్టుకుంది. బండి దుమ్ము రేపుతూ దాటిపోయింది. గార్డుపెట్టె కనుమరుగయ్యేదాకా ఆమె చెయ్యి దించలేదు. తర్వాత అలవాటు ప్రకారం "పోయింది, రాయి పిల్లా" అని అరిచింది.

రాయడానికి అక్కడ ఏముంది? అప్పుడు ఏడుస్తూ చెప్పాను. అమ్మ కొట్టిన దెబ్బకు చెవి మూడు రోజులు గుయ్యిమంది. తిన్న దెబ్బల్లో న్యాయమైనది అది ఒక్కటే.

ఇన్‌స్పెక్టరు గుమ్టీ మెట్టు మీద కూలబడ్డాడు. చెంబెడు నీళ్లు తాగాడు, సగం చొక్కా మీద పడ్డాయి. చెంబు దించి నన్ను పిలిచి, 5.15లో ఒకటిని దిద్దించి అయిదు చేయించాడు. నిన్న వచ్చినాయన తెచ్చిన నకలులో ఆ అయిదు లావుగా, ముద్దగా ఇప్పటికీ కనిపిస్తోంది. సర్కారు రికార్డు అంటే అది. ఒక పిల్లా, ఒక ఆఫీసరూ కలిసి దిద్దినది.

తర్వాత అమ్మను అడిగాడు. "ఆడమనిషి జెండా పట్టిందని రాస్తే మీ ఆయన ఉద్యోగం పోతుంది. రాయకపోతే నువ్వు ఇక్కడ లేనట్టే. ఏం రాయమంటావు తల్లీ?"

అమ్మ ఆలోచించను కూడా లేదు. "నౌకరి ఉండేటట్టు రాయుండ్రి దొరా" అంది.

అట్లా మెప్పుకాగితం నాయన పేరు మీద వచ్చింది. మరుసటేడు పర్మినెంట్ కూడా అయ్యాడు. ఆ కాగితాన్ని గోడకు తగిలించమని స్టేషన్‌లో వాళ్లు ఎంత చెప్పినా నాయన వినలేదు. ఇంటికి వచ్చిన చుట్టాలు ఆ సంగతి అడిగితే, "నన్నేం అడుగుతరు, దాన్ని అడుగుండ్రి" అని అమ్మవైపు చూపించి బయటికి పోయేవాడు. అందుకే మా నాయనంటే నాకు అంత గౌరవం.

ఆయన పోయాక అమ్మ కొత్తగూడెంలో నా దగ్గరికి వచ్చింది. ఒకనాడు ట్రంకుపెట్టె సర్దుతూ ఆ కాగితం నా చేతిలో పెట్టింది.

"ఇందుల ఏం రాసిండో సదువు బిడ్డా."

ఇంగ్లిషులో నాలుగు వరుసలు. గేట్‌మన్ మెలకువగా ఉన్నాడని, సమయానికి హెచ్చరించాడని. మొదటి వరుస చదివి తెలుగులో చెప్పాను. అమ్మ నా నోటివంకే చూస్తోంది.

"నా ముచ్చట ఏమన్న ఉన్నదా?"

రాయొద్దని చెప్పింది ఆమే. అయినా అన్నేళ్లుగా ఆ పెట్టెలో తన మాట ఒకటి ఉందేమోనని ఆశ పెట్టుకుంది. ఆ కళ్లలోకి చూస్తూ లేదని ఎట్లా చెప్పను?

"అవ్ అమ్మా, ఉన్నది. గేట్‌మన్ భార్య ఎర్రజెండా పట్టి పట్టాల నడుమ నిలబడ్డది, ఎంత బెదిరించినా కదలలేదు అని రాసిండు."

"గట్ల రాసిండా! మంచోడే దొర" అంది. ఆ సాయంత్రమే మా లైన్‌లో ఇల్లిల్లూ తిరిగి చెప్పి వచ్చింది, రైల్వే దొర నా సంగతి కాగితంలో రాశాడని. చివరి రోజుల్లో కాగితం తలగడ కింద పెట్టుకునేది. నమ్మే పోయింది.

ఇందాక ఫోన్ వచ్చింది.

"ఆలోచించారా మేడం?"

"ఆలోచించాను. బొమ్మ తీయను."

"ఆధారం లేకుండా మేము ప్రదర్శనలో పెట్టలేం. రికార్డు ఉన్నది గేట్‌మన్ పేరు మీద."

"రికార్డులో ఆ లావు అయిదు చూశారా? అది నేను దిద్దింది."

"అలాగైతే సిటీలో వేరే వాళ్లతో చేయించుకుంటాం. మీ రెండేళ్ల కష్టం వృథా అవుతుంది, బాధగా ఉంది."

"చేయించుకోండి. అగరుబత్తి పుల్లలు ఎక్కడ దొరుకుతాయో కావాలంటే చెబుతాను" అని పెట్టేశాను.

బాధ నాకు లేదని కాదు. ఆ అద్దాల వెనక నా స్టేషన్‌ను చూడాలని నిన్నటి నుంచి కలలు కన్నాను. ఇక అది ఈ ముందుగదిలోనే ఉంటుంది. సాయంత్రం మా లైన్‌వాళ్లను చాయ్‌కి పిలిచాను. గూడెం ఆడవాళ్లను, వాళ్ల తాడును ఇంకా చేయాల్సి ఉంది. రాగి తీగ సరిపోదు, తెప్పించాలి.

ఆ రిజిస్టర్‌లో నేను రాసినది అబద్ధం. ఆ కాగితంలోంచి అమ్మకు చదివి వినిపించినది కూడా కాగితంలో లేనిదే, కానీ అది జరిగింది. దాన్ని అబద్ధం చేయడానికి ఏ ఆఫీసరుకూ వీలివ్వను. ఫోన్ పెట్టేసి వచ్చి, అమ్మ కాళ్ల కింద ఇంకో చుక్క జిగురు వేశాను.